టాటింగ్ లేసుకు షటిల్ ఎంచుకోవడం, వాడటం ఎలా?

టాటింగ్ అంటే షటిల్ అనే చిన్న సాధనంతో దారానికి ముడులు వేస్తూ లేసు చేయడం. అది నేర్చుకోవాలనుకునేవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు రెండు. మొదటిది, ఏ షటిల్ కొనాలి అని. రెండోది కొన్నాక వారం తిరగకముందే వస్తుంది: ముడులు బిగుసుకుపోతున్నాయి, రింగు (ముడుల వరుసను గుండ్రంగా లాగి మూసే వలయం) మూసుకోవడం లేదు, షటిల్ మార్చమంటారా అని. ఈ రెండో ప్రశ్నకు నా జవాబు దాదాపు ఎప్పుడూ "వద్దు" అనే. షటిల్ చేయాల్సిన పని చాలా చిన్నది. దారాన్ని తనలో దాచుకుని లాగినప్పుడే వదలాలి. వేలికీ దారానికీ మధ్య ఎక్కడా తట్టుకోకుండా జారాలి. ఈ రెండూ చేయగలిగిన షటిల్ ఎంత చవకదైనా మంచిదే. చేయలేనిది ఎంత నగిషీ చెక్కినదైనా అద్దాల బీరువాలో పెట్టుకోవడానికే పనికొస్తుంది. ముడి జరగకపోవడం మాత్రం చాలావరకు ఎడమచేతి మధ్యవేలి దగ్గర జరిగే పొరపాటు. ఆ సంగతి ఆరో మెట్టులో వివరంగా రాశాను.

మన వైపు లేసు అనగానే నర్సాపురం, పాలకొల్లు ప్రాంతపు అల్లికే గుర్తుకొస్తుంది. అది క్రోషియా సూదితో ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చును లాగుతూ అల్లేది; చివరి ఉచ్చును వదిలేసి కొస లాగితే మొత్తం విడిపోతుంది. టాటింగ్ లేసు అలా ఏర్పడదు. ఒక దారం మీద మరో దారంతో వేసిన ముడుల వరుస అది. అందుకే అది గట్టిగా ఉంటుంది, అందుకే తప్పు జరిగితే విప్పడం కష్టమవుతుంది. క్రోషియా బాగా వచ్చినవారు సైతం టాటింగ్‌లో మొదటి రోజు తడబడటానికి కారణం ఇదే. దారాన్ని లాగే అలవాటు చేతికి ఉంటుంది గానీ, దారాన్ని వదులు చేసే అలవాటు ఉండదు.

కావలసినవి

- టాటింగ్ షటిల్ ఒకటి. రెండోది తర్వాత కొనుక్కోవచ్చు. దుకాణంలో ఒట్టి "షటిల్" అని అడిగితే బ్యాడ్మింటన్ సామాను చూపిస్తారు గనుక "టాటింగ్ షటిల్" అనే అడగండి. మ్యాచింగ్ సెంటర్లలో ఇది అరుదుగా దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే తేలిక.
- మెర్సరైజ్డ్ కాటన్ క్రోషియా దారం, 20 నంబరుది, రెండు వేర్వేరు రంగుల్లో. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. చూపు కొంచెం ఇబ్బంది పెడుతుంటే 10 నంబరుతో మొదలుపెట్టండి. 40, 80 నంబర్లు చెయ్యి తిరిగాకే. యాంకర్, డీఎంసీ దారాలు మన దగ్గర వాడుకలో ఉన్నవే. అమెరికాలో ఉన్నవారికి లిజ్బెత్ దారం 3 నుంచి 80 దాకా పలు నంబర్లలో దొరుకుతుంది.
- 0.60 నుంచి 0.75 మిల్లీమీటర్ల సన్నని స్టీల్ క్రోషియా సూది. షటిల్‌కే కొక్కెం ఉంటే ఇది లేకపోయినా నడుస్తుంది.
- పదునైన చిన్న కత్తెర, మొద్దుమొన సూది, గుండుసూది, కొంచెం దూది, మందపాటి అట్టముక్క.

ఎంబ్రాయిడరీకి వాడే ఆరు పోగుల దారంతో నేర్చుకోకండి. పోగులు విడిపోయి ముడిలో చిక్కుకుంటాయి. ఊలు దారం నూగుగా ఉంటుంది గనుక ముడి దాని మీద జరగదు. జరీ దారం పని వచ్చినవారినే ఏడిపిస్తుంది.

1. షటిల్ రకాన్ని తేల్చుకోండి

టాటింగ్ షటిల్ అంటే రెండు కొసలా మొనదేలిన రెండు పలకలు, వాటిని మధ్యలో కలిపే ఒక దిమ్మ. దారం ఆ దిమ్మ చుట్టూ ఉంటుంది. పలకల మొనలు రెండు కొసల దగ్గరా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పొడవు సాధారణంగా 6 నుంచి 7.5 సెంటీమీటర్లు. చెయ్యి చిన్నదైతే చిన్న షటిల్, లావు దారమైతే కాస్త పెద్ద షటిల్ అనుకుంటే చాలు.

దిమ్మ రకంలో దారాన్ని నేరుగా దిమ్మకే చుడతాం. తేలికగా ఉంటుంది, చెడిపోవడానికి విడిభాగాలు లేవు, మొనల పట్టు వల్ల దారం దానంతటది జారిపోదు. జపాన్ వారి క్లోవర్ ప్లాస్టిక్ షటిల్ ఈ రకానిదే. దాని ఒక కొసన చిన్న ముక్కు ఉంటుంది, దాంతో పికోలోంచి (ముడుల మధ్య విల్లులా వదిలే చిన్న దారపు కంత) దారాన్ని పైకి లాగవచ్చు. కొత్తవారికి నేను చెప్పేది ఈ రకమే.

బాబిన్ రకంలో దారం చుట్టిన చిన్న బాబిన్‌ను షటిల్‌లో అమరుస్తాం. చుట్టడం త్వరగా అవుతుంది. రంగు మార్చాలంటే బాబిన్ మారిస్తే సరిపోతుంది. చాలావాటికి కొసన కొక్కెం కూడా ఉంటుంది. అయితే దారాన్ని ఆపే బాధ్యత ఇక్కడ బాబిన్ బిగువు మీద పడుతుంది. వదులుగా ఉన్న బాబిన్ లాగినప్పుడల్లా అదనంగా తిరిగి, ముడి వేసే సమయానికి దారం వేలాడుతుంది. మరీ బిగువైనదాన్ని ప్రతి ముడికీ రెండు చేతులతో తిప్పాలి. కొక్కెం కూడా వరం అనుకోనక్కరలేదు, కొత్తలో అది వేళ్లను గీరుతుంది, ఎడమచేతి దారాన్ని పట్టేసుకుంటుంది.

లోహపు షటిళ్లు బరువుగా ఉండి జారుడుగా కదులుతాయి, కొందరికి ఆ బరువే హాయి. చెక్కవి చేతికి మెత్తగా ఉంటాయి గానీ గాలిలోని తేమకు పలకలు వంగి మొనలు విడిపోవచ్చు. కోస్తా ఊళ్లలో ఉండేవారు ఇది గమనించుకోవాలి. పాతకాలపు ఏనుగు దంతపు షటిళ్లు, అసలు తాబేటి చిప్పవి విదేశీ వెబ్‌సైట్లలో కనిపిస్తుంటాయి. వాటి జోలికి వెళ్లకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటి క్రయవిక్రయాలు మన దేశంలో నిషిద్ధం.

పాత వస్తువుల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. కొసలు తెరుచుకుని, అరచేతిని మించి ఉండే పాత షటిళ్లను కూడా టాటింగ్ పేరుతో అమ్ముతారు. అవి పద్దెనిమిదో శతాబ్దంలో "నాటింగ్" అనే వేరే పనికి వాడినవి. జాషువా రేనాల్డ్స్ సుమారు 1760లో గీసిన ఆల్బమార్ల్ కౌంటెస్ చిత్రపటం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అందులో ఆమె చేతిలో ఉన్న షటిల్ ఆ పనికి వాడేదే. చూడటానికి బాగుంటుంది గానీ, మన పనికి దాని కొసలు దారాన్ని ఆపవు.

షటిల్ వచ్చేదాకా ఆగలేనివారు పాత ప్లాస్టిక్ కార్డును 7 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పున కత్తిరించి, రెండు కొసలా చిన్న గంటు పెట్టి, మూలలను గుండ్రంగా అరగదీసి, గంటు నుంచి గంటుకు నిలువునా దారం చుట్టుకోవచ్చు. ముడి నేర్చుకోవడానికి ఇది చాలు. పెద్ద పనికి చాలదు, ఎందుకంటే దారాన్ని కావలసినప్పుడల్లా చేత్తో విప్పుకోవాలి.

2. చేతికి వచ్చిన షటిల్‌ను పరీక్షించండి

ఎంచుకోవడంలో అసలు విషయం ఈ మెట్టులోనే ఉంది. ముందుగా షటిల్‌ను వెలుగుకు అడ్డంగా పట్టుకుని పక్కనుంచి చూడండి. మొనల మధ్య వెలుగు సన్నని గీతగా కనిపించినా ఫర్వాలేదు. మొనలు స్పష్టంగా ఎడంగా ఉంటే అది దారాన్ని ఆపదు. ఒక దారాన్ని మొనల మధ్యనుంచి లోపలికి లాగండి. "టిక్" మని చిన్న శబ్దం వినిపించాలి. శబ్దమే లేకుండా దూరిపోతే మొనలు వదులు. దారం నూగు లేచేంతగా బలం పెట్టాల్సివస్తే మరీ బిగువు. కొత్త షటిల్ బిగువుగా ఉంటే తొందరపడకండి, కొద్ది రోజుల వాడకంలో అది సర్దుకుంటుంది.

తర్వాత దూదిని పల్చగా విడదీసి షటిల్ అంచులన్నిటి మీదా, ముఖ్యంగా మొనల మీద, నెమ్మదిగా రుద్దండి. ఎక్కడ దూది పోగు తట్టుకుంటే అక్కడ గరుకు ఉన్నట్టు. గోళ్లు నునుపు చేసుకునే బఫర్‌తో గానీ, బాగా సన్నని ఉప్పు కాగితంతో గానీ ఆ చోటును మాత్రమే రుద్ది మళ్లీ దూదితో చూడండి. మొత్తం షటిల్‌ను రుద్దకండి, మెరుగు పోతుంది.

మూడో పరీక్ష దారం చుట్టాక చేయాలి. అర మీటరు దారం బయటకు వదిలి, ఆ దారాన్ని పట్టుకుని షటిల్‌ను వేలాడదీయండి. షటిల్ ఉన్నచోటే ఉండాలి. తన బరువుకే కిందికి దిగిపోతుంటే మొనలు గానీ బాబిన్ గానీ వదులుగా ఉన్నట్టే.

3. దారం చుట్టండి

దిమ్మకు రంధ్రం ఉంటే దారం కొసను అందులోంచి దూర్చి ముడి వేయండి. లేకపోతే దిమ్మ చుట్టూ ఒక జారుముడి వేసి బిగించండి. తర్వాత ఒక్కొక్క చుట్టూ రెండు కొసల మొనల మధ్యనుంచి దూరుతూ, "టిక్, టిక్" మంటూ, దిమ్మ వెడల్పంతా సమానంగా పరుచుకోవాలి. ఒకే చోట గుట్టగా చుడితే పైచుట్టు కిందిచుట్టులోకి దిగి, పని మధ్యలో దారం ఇరుక్కుంటుంది.

ఎక్కువ నింపడం కొత్తవారి మొదటి పొరపాటు. చుట్టిన దారం పలకల అంచులకు కొంచెం లోపలే ఆగిపోవాలి. అంచు దాటిందంటే రెండు నష్టాలు: బయటకు వచ్చిన దారం చేతి చెమటకు మాసిపోతుంది, ఉబ్బిన దారం పలకలను విడదీసి మొనలను శాశ్వతంగా వదులు చేస్తుంది. "మళ్లీ మళ్లీ చుట్టుకోలేక" అని నింపినవారే ఆ తర్వాత షటిల్ బాగా లేదంటారు.

పూసలు పెట్టాలనుకుంటే చుట్టకముందే దారానికి ఎక్కించాలి. పూసలు షటిల్ లోపల ఎక్కువ చోటు తీసుకుంటాయి గనుక కొన్నిటిని మాత్రమే లోపల ఉంచండి.

4. పట్టుకునే తీరు

షటిల్‌ను కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అడ్డంగా, చూపుడువేలు పైన, బొటనవేలు కింద ఉండేలా పట్టుకోండి. ముక్కు లేదా కొక్కెం ఉన్న కొస ఎడమచేతి వైపు చూడాలి. దారం షటిల్ వెనక వైపునుంచి, అంటే మీకు అవతలి వైపునుంచి, రావాలి. షటిల్ నుంచి ఎడమచేతి దాకా ఒక జాన దారం వదిలితే చాలు. మూరెడు వదిలితే ప్రతి ముడికీ చెయ్యి గాలిలో ఈదాలి.

ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారం కొసను నొక్కి పట్టి, దారాన్ని మిగిలిన మూడు వేళ్ల వెనకగా తిప్పి మళ్లీ అదే నొక్కులోకి తెచ్చుకోండి. ఇదే రింగుకు కావలసిన ఉచ్చు. మధ్యవేలిని పైకెత్తితే ఉచ్చు బిగుస్తుంది, దించితే వదులవుతుంది. ఎడమచేతివాటం ఉన్నవారు ఇదంతా అద్దంలో చూసినట్టు తారుమారు చేసుకుంటే చాలు. వారికోసం వేరే షటిల్ అక్కర్లేదు.

5. ముడి రెండు సగాలు

ఇకమీదట ఎడమచేతి వేళ్ల మీద ఉన్నదాన్ని చేతి దారం అనీ, షటిల్ నుంచి వచ్చేదాన్ని షటిల్ దారం అనీ అంటాను.

మొదటి సగం: షటిల్ దారాన్ని కుడిచేతి వేళ్ల మీదుగా వెనక్కి వేసుకోండి. షటిల్‌ను చేతి దారం కిందినుంచి ముందుకు పోనివ్వండి. అప్పుడు చేతి దారం షటిల్‌కీ చూపుడువేలికీ మధ్యనుంచి జారుతుంది. వెంటనే షటిల్‌ను చేతి దారం పైనుంచి వెనక్కి తీసుకురండి. ఈసారి చేతి దారం షటిల్‌కీ బొటనవేలికీ మధ్యనుంచి జారుతుంది. వేళ్లు షటిల్‌ను వదలకూడదు. అంచులు నునుపుగా ఉండాలని అంతగా చెప్పింది ఈ జారుడుకోసమే.

రెండో సగం: షటిల్ దారాన్ని వేళ్ల మీద వేసుకోకుండా కిందికి వదిలేయండి. షటిల్ ఈసారి చేతి దారం పైనుంచి ముందుకు వెళ్లి, కిందినుంచి వెనక్కి రావాలి.

రెండు సగాలు కలిస్తే ఒక జంట ముడి. నమూనాల్లో ముడులను ఎప్పుడూ జంటల్లోనే లెక్కిస్తారు. మీ ముడుల వరుస మెట్ల మాదిరిగా మెలితిరిగిపోతుంటే రెండో సగం మరిచిపోయి మొదటి సగమే మళ్లీ మళ్లీ వేస్తున్నారని అర్థం.

6. ముడి తిరగబడాలి

చాలామంది టాటింగ్‌ను ఇక్కడే వదిలేస్తారు, కాబట్టి నెమ్మదిగా చదవండి.

షటిల్ వెనక్కి వచ్చిన క్షణాన, షటిల్ దారం చేతి దారానికి చుట్టుకుని ఉంటుంది. దాన్ని అలాగే బిగిస్తే అది మామూలు ముడి. ఉన్నచోటే తాళం పడిపోతుంది. మనకు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం: షటిల్ దారం తిన్నగా నిలవాలి, చేతి దారం దానికి చుట్టుకోవాలి. అప్పుడే ముడులు షటిల్ దారం మీద పూసల్లా జరుగుతాయి, అప్పుడే రింగు మూసుకుంటుంది.

తిరగబడేలా చేయడానికి, షటిల్ వెనక్కి రాగానే ఎడమచేతి మధ్యవేలిని దించి చేతి దారాన్ని పూర్తిగా వదులు చేయండి. ఆ వదులు అలాగే ఉండగా షటిల్ దారాన్ని కుడి వైపుకు తిన్నగా, బిగువుగా లాగండి. మెలిక ఒక దారం మీదనుంచి ఇంకో దారం మీదకు గెంతడం కంటికి కనిపిస్తుంది. ఇప్పుడు షటిల్ దారాన్ని బిగువుగానే ఉంచి, మధ్యవేలిని నెమ్మదిగా ఎత్తండి. మెలిక జారి బొటనవేలి దగ్గరికి చేరుతుంది. అది చేరి కూర్చునేదాకా షటిల్ దారం సడలకూడదు.

ఇది అర్థం కావడానికి రెండు రంగులు వాడండి. షటిల్‌లో ఎరుపు, దారపు ఉండ తెలుపు అనుకోండి. రెండు కొసలనూ కలిపి ముడివేసి, ఆ ముడిని నొక్కి పట్టి, తెల్లదారాన్ని ఎడమచేతి వేళ్ల మీదుగా తీసుకెళ్లి చిటికెనవేలికి రెండు చుట్లు చుట్టండి. ఇప్పుడు ముడులు వేస్తూ పోండి. సరిగా తిరగబడితే ముడులన్నీ తెల్లగా ఉంటాయి, ఎరుపు వాటి లోపలినుంచి తిన్నగా పోతుంది. ముడి మీద ఎర్రని గింజ కనిపించిందంటే ఆ సగం తిరగబడలేదు.

సాధారణంగా జరిగే పొరపాట్లు ఇవి. రెండు చేతులూ ఒకేసారి లాగడం అన్నిటికంటే ఎక్కువ. ఒకటి లాగుతున్నప్పుడు రెండోది ఊరుకోవాలి. మధ్యవేలిని దించడంలో ఆలస్యమైతే ముడి సగంలోనే బిగుస్తుంది. షటిల్‌ను కుడికి కాక పైకి లాగేవారికి మెలిక గెంతదు. మొదటి సగం బాగా వచ్చి రెండో సగం తాళం పడటమూ ఉంటుంది, అందుకే ప్రతి జంట తర్వాత షటిల్ దారాన్ని ముందుకూ వెనక్కూ లాగి చూడండి. జరగకపోతే ఆ క్షణమే గుండుసూది మొనతో ఆ ముడిని వదులు చేసి విప్పేయండి. దాని మీద ఇంకో పది ముడులు వేశాక విప్పాలంటే కత్తెరే గతి.

మొదటి రింగు వేయకముందు, కనీసం ఒక జానెడు పొడవున ఒట్టి జంట ముడుల వరుస ఈ రెండు రంగులతో వేయమని సలహా ఇస్తాను. విసుగ్గానే ఉంటుంది.

7. మొదటి రింగు

నమూనాల్లో "రింగు 5–5–5–5" అని ఉంటే ఐదు జంట ముడులు, ఒక పికో, మళ్లీ ఐదు, అలా మొత్తం ఇరవై జంటలు, మూడు పికోలు అని అర్థం. పికో అంటే రెండు ముడుల మధ్య వదిలే చిన్న కంత. ముందు ముడికి ఆనించకుండా కొంచెం ఎడంగా తర్వాతి ముడి వేసి, తర్వాత దాన్ని పక్కకు జరిపితే మధ్య దారం విల్లులా పైకి లేస్తుంది. వదిలిన ఎడంలో దాదాపు సగమే పికో ఎత్తు అవుతుంది. 6 మిల్లీమీటర్ల వెడల్పున అట్టముక్కను కత్తిరించి ముడుల మధ్య కొలతగా పెట్టుకుంటే పికోలన్నీ సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తున ఒకేలా వస్తాయి.

పని సాగేకొద్దీ చేతి ఉచ్చు చిన్నదవుతుంది. అప్పుడు వేసిన ముడులను నొక్కి పట్టి ఉచ్చును కిందివైపు లాగితే షటిల్ దారం ముడుల లోపలినుంచి జారి ఉచ్చు పెద్దదవుతుంది. జారకపోతే ఎక్కడో ఒక ముడి తిరగబడలేదన్నమాట, ముందుకు పోకుండా వెతకండి.

మూయబోయే ముందు మూడు విషయాలు చూసుకోండి: లెక్క సరిపోయిందా, ముడుల తలలన్నీ ఒకే వైపు ఉన్నాయా, షటిల్ దారం జారుతోందా. తర్వాత ముడులను బొటనవేలి కింద చదునుగా పట్టి షటిల్ దారాన్ని నిదానంగా లాగండి. మొదటి ముడి, చివరి ముడి ఒకదానికొకటి తాకాయంటే ఆపేయాలి. ఇంకా లాగితే రింగు కుంచించుకుపోయి బల్లమీద పెడితే గిన్నెలా లేస్తుంది.

మూసిన రింగును తెరవాల్సివస్తే చివరి పికో దగ్గర ప్రయత్నించండి. ఆ పికోకు అటూ ఇటూ ఉన్న ముడులను గోళ్లతో ఎడం చేస్తే లోపల షటిల్ దారం కనిపిస్తుంది. దాన్ని గుండుసూదితో కొంచెం కొంచెంగా లాగి వదులు సంపాదించి, ఆ వదులును మూత దగ్గరకు జరపాలి. పికోలే లేని రింగును తెరవడం మీద ఆశ పెట్టుకోవద్దు.

ఒకటి రెండు రింగులకోసారి షటిల్‌ను కిందికి వేలాడదీసి వదిలేయండి. అది గిరగిరా తిరిగి దారానికి పడ్డ పురిని సరిచేస్తుంది. దారం తనంతట తాను మెలికలు పడుతోందంటే ఈ పని మరిచిపోయారని అర్థం.

8. రెండో దారం, చెయిన్

రింగులు మాత్రమే ఉన్న నమూనాకు ఒక షటిల్ చాలు. రింగుల మధ్య వంపు తిరిగిన చెయిన్ ఉంటే రెండో దారం కావాలి. ఆరో మెట్టులో రెండు రంగులతో వేసినదే చెయిన్; ఉండ దారం చేతి మీద ఉంటుంది, షటిల్ దారం లోపల ఉంటుంది. రింగు పూర్తయ్యాక పనిని తలకిందులుగా తిప్పి, రింగు మొదలు ఎడమ బొటనవేలి కింద ఉండేలా పట్టుకుని చెయిన్ మొదలుపెట్టాలి.

ఒకే రంగైతే షటిల్ నింపాక దారాన్ని ఉండ నుంచి కత్తిరించకండి. షటిల్, ఉండ ఒకే దారంగా ఉంటే మొదట్లో దాచాల్సిన కొసలే ఉండవు. రింగులే వేర్వేరు రంగుల్లో కావాలన్నప్పుడో, చెయిన్ మధ్యలో చిన్న రింగులు వేయాల్సివచ్చినప్పుడో రెండో షటిల్ అవసరమవుతుంది. ఒకేలా ఉన్న రెండు షటిళ్లతో గందరగోళం తప్పదు. ఒకదాని మీద గోళ్ల రంగుతో చుక్క పెట్టుకోండి.

చెయిన్ బిగువును చూసే పద్ధతి కూడా లాగడమే. వేసిన చెయిన్ ముడుల మధ్య సందులు కనిపిస్తే షటిల్ దారాన్ని కొంచెం లాగండి, అది వంపు తిరుగుతుంది. మెలికపడేంతగా లాగకండి.

9. పికోకు కలపడం

పక్క రింగు పికోను ఎడమచేతి దారం మీద పెట్టండి. షటిల్ ముక్కుతో, కొక్కెంతో, లేదా క్రోషియా సూదితో పికోలోంచి చేతి దారాన్ని చిన్న ఉచ్చుగా పైకి లాగి, అందులోంచి షటిల్‌ను దూర్చి, ఉచ్చును తిరిగి కిందికి సర్దండి. ఇక్కడ షటిల్ దారం తిన్నగానే ఉండాలి. కలిపిన వెంటనే లాగి చూడండి. కలపడాన్ని కొన్ని నమూనాలు ముడి మొదటి సగంగా లెక్కిస్తాయి, కొన్ని లెక్కించవు. ఏదైనా ఫర్వాలేదు, ఒక పని మొత్తంలో ఒకే లెక్క పాటిస్తే చాలు.

మొన లావుగా ఉండి పికోలో దూరకపోతే బలవంతం చేయకండి, సన్నని సూది తీసుకోండి. బలవంతం చేస్తే పికో సాగిపోయి లేసంతటిలో ఆ ఒక్క చోటే కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

10. దారం అయిపోయేముందు

రింగు ముడులన్నీ షటిల్ దారాన్నే తింటాయి. చెయిన్ ముడులు ఉండ దారాన్ని తింటాయి. అందుకే షటిల్ ఎప్పుడూ ముందు ఖాళీ అవుతుంది. ఎంత పడుతుందో తెలియాలంటే సరిగ్గా 2 మీటర్లు కొలిచి చుట్టి, మీ నమూనాలోని రింగులు వేసి, చివర మిగిలిన ముక్కను తీసివేసి లెక్కకట్టండి. ఇతరుల లెక్క మీకు సరిపోదు. బిగువు ఒక్కొక్కరిది ఒక్కో రకం. పెద్ద పని తలపెట్టేవారు దారం కొనకముందే ఈ లెక్క చూసుకోవాలి, తర్వాత సరిగ్గా అదే రంగు దొరకకపోవచ్చు.

కొత్త దారాన్ని రింగు మధ్యలో ఎప్పుడూ కలపకండి, ఆ ముడి జంట ముడుల లోపలినుంచి జారదు. రింగు మూసుకోవడానికి ఇంకా సరిపోతుందా అని అనుమానం వస్తే ఆ రింగు మొదలుపెట్టకండి. పాత దారం, కొత్త దారం రెండిటికీ పది సెంటీమీటర్ల కొసలు వదిలి, రింగు మొదట్లోనే ముడివేసి, మొద్దుమొన సూదితో కొసలను ముడుల వెనక కుట్టేశాకే కత్తిరించండి.

షటిల్ పాడైతే

ప్లాస్టిక్ షటిల్‌ను ఎండలో ఆగిన కారులో వదిలేస్తే పలకలు వంగి మొనలు తెరుచుకుంటాయి. దారమంతా తీసేసి, ఆ మొనలను కొద్దిసేపు వేడినీళ్లలో ముంచి, బట్టతో పట్టుకుని దగ్గరకు నొక్కి, అలాగే చన్నీళ్ల కింద పెట్టండి. నీళ్లు సలసల కాగుతుండకూడదు. లోహపు షటిలైతే పట్టకారు నోటికి బట్ట చుట్టి, మొనలను కొంచెం నొక్కి, దారం లాగి చూసి, అవసరమైతే మళ్లీ నొక్కండి. ఒక్కసారే గట్టిగా నొక్కితే దిమ్మ దగ్గర ఊడుతుంది. చెక్క షటిల్‌కు ఈ రెండు వైద్యాలూ పనికిరావు. వారం రోజులు వాడనప్పుడు దారాన్ని షటిల్‌లోనే ఉంచినా ఇబ్బంది లేదు గానీ, నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు ఖాళీ చేసి దాచండి, నిండుగా చుట్టిన దారం అన్నాళ్లూ మొనలను తెరిచే ప్రయత్నంలోనే ఉంటుంది.